పదకొండో తరగతికి కోర్సులు ఎంచుకున్న తీరు

మా అమ్మాయి డాలస్ శివారులోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి చదువుతుండగా, జనవరి నెలాఖరున మరుసటి ఏడాది కోర్సుల ఫారం ఇంటికి వచ్చింది. ఇంటర్‌లో ఎంపీసీ అన్న ఒక్క మాటతో రెండేళ్ల చదువు తేలిపోయిన నాకు, ఎనిమిది ఖాళీ గడులున్న ఆ కాగితం కొత్తగా, కొంత భయంగా కూడా అనిపించింది.

తను మొదట ఆరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కోర్సులు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు రాసి, ఆరో తరగతి నుంచి వయోలిన్ వాయిస్తున్న ఆర్కెస్ట్రాను కొట్టేసింది. కారణం తరగతిలో ర్యాంకు. వాళ్ల స్కూల్లో ఏపీ కోర్సులకు జీపీఏలో, అంటే ర్యాంకును తేల్చే గ్రేడ్ల సగటులో, అదనపు విలువ ఉంటుంది, ఆర్కెస్ట్రాకు ఉండదు. టెక్సస్‌లో 1997 నాటి చట్టం వల్ల తరగతిలో పై 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు వస్తుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ క్యాంపస్ మాత్రం 2026 ఫాల్ సెమిస్టర్‌లో చేరేవారి నుంచి ఆ హద్దును 5 శాతానికి కుదించింది. అయితే ఆ సీటు విశ్వవిద్యాలయంలోకే గాని, కోరుకున్న ఇంజనీరింగ్ బ్రాంచిలోకి కాదన్న సంగతి మాకు కౌన్సెలర్ చెప్పేదాకా తెలియలేదు. చాలా కాలేజీలకు ఒకటే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ అప్లికేషన్‌తో తాము పంపే నివేదికలో, ఆ స్కూల్లో దొరికే కోర్సులతో పోల్చి విద్యార్థి ఎంచుకున్నవి ఎంత కఠినమైనవో గుర్తు పెడతామని, అందుకు ఏపీలన్నీ తీసుకోనక్కరలేదని కూడా ఆవిడ వివరించారు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద గళ్ల కాగితం పరిచి, తనూ నేనూ వారంలోని గంటలు లెక్కవేశాం. నిద్ర, భోజనం, బడి, మిగతా పనులన్నీ పోను చదువుకూ సాధనకూ మిగిలినవి 22. ఆ కోర్సులు చదివిన సీనియర్లను అడిగితే ఆరింటి హోంవర్కుకు 29 గంటలు పడుతుందని తేలింది. పదో తరగతిలో ఆనర్స్ కెమిస్ట్రీ ఎలాగూ చదువుతోంది కనుక ఏపీ కెమిస్ట్రీ తీసేశాం; కంప్యూటర్ సైన్స్‌ను పన్నెండుకు జరిపాం. దాంతో 10 గంటలు తగ్గి, వయోలిన్ సాధనకు 3 గంటలు కలిపినా లెక్క 22 దగ్గర ఆగింది. కాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సి అనే ఏపీ కోర్సులను మాత్రం జంటగానే ఉంచాం, ఎందుకంటే ఫిజిక్స్ సిలోని మెకానిక్స్‌లో అడుగడుగునా అవకలనం, సమాకలనం కావాలి. ఒక క్లాసులో నేర్చినది రెండో క్లాసులో వెంటనే పనికొస్తుంది. అమెరికా చరిత్ర, ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఏపీలోనే, స్పానిష్ మూడో ఏడు మామూలుగా.

"ర్యాంకు తగ్గితే నాన్నకు బాధ కదా, అమ్మా?" అని అడిగింది. అక్కడే ఉన్న మావారు తలూపలేదు, కాదనీ అనలేదు. గళ్ల కాగితం దగ్గరికి లాక్కుని గంటలన్నీ మళ్లీ కూడి, ఫారం మీద సంతకం చేశారు.

ఆగస్టులో టైమ్‌టేబుల్ వచ్చేసరికి ఆర్కెస్ట్రా, ఫిజిక్స్ సి ఒకే పీరియడ్‌లో పడ్డాయి. ఫిజిక్స్‌కు ఉన్నది ఒకటే సెక్షన్. వేరే పీరియడ్‌లో ఒక మెట్టు కింది ఆర్కెస్ట్రా బృందంలో చోటుందని కౌన్సెలర్ చెబితే, మా అమ్మాయి ఆ సాయంత్రమే సరేనని జవాబు రాసింది.