సూదిలో దారం ఎక్కిస్తాడు, కింద పడ్డ పెన్ను కనపడదు

మా తమ్ముడికి రేచీకటి. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. వాడు ఏడో తరగతిలో ఉండగా ఆ పేరు మా ఇంట్లోకి వచ్చింది. అంతకుముందు మూడేళ్లు వాడు మా దృష్టిలో ఒట్టి పరధ్యానం పిల్లాడు. గడప తట్టుకుంటాడు, బిందె తన్నేస్తాడు, చీకటి పడితే ట్యూషన్‌కి పోనని మొండికేస్తాడు. మా ఊళ్లో ఒకచోట చూపిస్తే గోడ మీద అక్షరాలు చదవమన్నారు, వాడు దాదాపు కింది వరస దాకా గడగడా చదివేశాడు. చూపు బాగానే ఉంది, చదువు మీదే ధ్యాస లేదు అని పంపేశారు. నాన్న దారి పొడుగునా తిట్టారు. నేను పక్కనే ఉండి ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

ఈ జబ్బులో మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ముందు దెబ్బతింటాయి. రాత్రి చూపు పోతుంది, పక్కచూపు మెల్లగా కుంచించుకుపోతుంది, నడిమి చూపు మాత్రం చాలామందికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. గోడ మీది అక్షరాలు పరీక్షించేది ఆ నడిమి చూపునే. (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం ఉన్న జన్యువు వస్తే బయటపడే రకాలు ఇందులో ఉన్నాయి, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. మా అమ్మానాన్నలది మేనరికమే.)

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. కంటికి కనపడని గుణాలను, అంటే తెలివి, దిగులు, ఆందోళన లాంటివాటిని ప్రశ్నలతో కొలిచే మోడల్స్ మీద ఒక పాఠం తయారు చేసుకుంటుంటే హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో తయారైన ఒక ప్రశ్నావళి దొరికింది. విజయ గోత్వాల్, ఆమె సహచరులు చూపు తక్కువగా ఉన్న 78 మంది బడిపిల్లలను, 8 నుంచి 18 ఏళ్లవాళ్లను, 19 ప్రశ్నలు అడిగి 2003లో ప్రచురించారు. చదువుతుంటే చేతులు వణికాయి. బస్సు నంబరు చదవడం కష్టమా? ముట్టుకోకుండా రూపాయి బిళ్ళనీ రెండు రూపాయల బిళ్ళనీ పోల్చుకోగలవా? బ్రష్ మీద పేస్టు వేసుకోవడం? కంచంలో అన్నం, కూర ఎక్కడున్నాయో కనపడతాయా?

కంచం దగ్గర ఆగిపోయాను. మా అమ్మ ఈరోజుకీ వాడికి పచ్చడి కుడిచేతి మణికట్టు పక్కనే వేస్తుంది, కూర ఎదురుగా, ఎప్పుడూ అదే చోట. ఎవరైనా చుట్టాలు వడ్డిస్తే వాడి వేళ్లు కంచం అంచు పట్టుకుని ఒక చుట్టు తిరిగి వస్తాయి.

అమెరికాలో 1994లో శుక్లాల రోగుల కోసం వచ్చిన 14 అంశాల ప్రశ్నావళిలో చెక్కు రాయడం, గోల్ఫ్, బౌలింగ్, రాత్రిపూట కారు నడపడం ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్లకు అవి సరైనవే. నరసరావుపేటలో ఏడో తరగతి చదివే పిల్లాడి చూపు వాటితో తెలియదు.

సరే, జవాబులు వచ్చాయి, మార్కులేసి కూడేస్తే సరిపోదా? సరిపోదు. 3 నుంచి 4కీ 15 నుంచి 16కీ తేడా ఒక్క మార్కే, కానీ చూపులో ఆ రెండు తేడాలూ ఒకటే అనడానికి ఆధారం లేదు. 1950లలో పిల్లల చదివే సామర్థ్యం మీద పనిచేస్తూ డెన్మార్క్ గణితజ్ఞుడు జార్జ్ రాష్ దీనికి దారి చూపించాడు. మనిషి సామర్థ్యాన్నీ ప్రశ్న కష్టాన్నీ ఒకే కొలబద్ద మీద పెట్టాడు. రెండూ సమానమైతే గట్టెక్కే అవకాశం నూటికి 50. మనిషి ప్రశ్న కంటే ఒక లాజిట్ (ఆ కొలబద్ద మీద ఒక యూనిట్) పైనుంటే 73, రెండు లాజిట్లయితే 88. హైదరాబాద్ వాళ్లు వాడింది ఈ పద్ధతే.

నాకు ఇందులో బాగా నచ్చేది ఇంకొకటుంది. సులువైన ప్రశ్న దగ్గర తడబడి కష్టమైనదాన్ని దాటేసే మనిషిని ఈ మోడల్ విడిగా పట్టిస్తుంది, ఇతను మిగతావాళ్ల వరసలో లేడని. క్లాసులో దాన్ని మిస్‌ఫిట్ అని చెప్పి, డేటాలో తప్పేమో చూడండి అంటాం. మా వాడిని కూర్చోబెట్టి, పన్నెండేళ్లప్పుడు ఎలా ఉండేదో చెప్పమని ఆ 19 అడిగాను. పాత జ్ఞాపకాలు కొలతగా పనికిరావని తెలుసు, అయినా అడిగాను. సూదిలో దారం? సులువే అన్నాడు, అమ్మకి ఎక్కించిచ్చేది వాడే. క్లాసులో కింద పడ్డ పెన్ను వెతకడం? అస్సలు కనపడేది కాదన్నాడు. మామూలుగా ఎవరికైనా సూదే కష్టం కదా. మొత్తం మార్కులు చూస్తే వాడు ఓ మోస్తరుగా కనిపిస్తాడు, వాడి జబ్బంతా ఆ తలకిందులైన రెండు జవాబుల్లో ఉంది. ఆ రోజు గోడ మీద అక్షరాలతో పాటు ఈ రెండు ప్రశ్నలు ఎవరైనా అడిగి ఉంటే!

బిళ్ళల సంగతి అడిగితే చూసి చెప్పలేనన్నాడు. అప్పటి రెండు రూపాయల బిళ్ళ అంచుకి మూలలుండేవి, జేబులోనే తడిమి తీసేవాణ్ణన్నాడు.

వీధిలైట్లు ఉంటే రాత్రి ఒక్కడివే ఇంటికి రాగలిగేవాడివా అని అడిగాను.

"లైటు కింద దాకా వస్తా అక్కా. అక్కణ్ణుంచి ఇంకో లైటు దాకా మధ్యలో ఏముందో ఎట్లా తెలుస్తుంది? తెలిసినవాళ్లు ఎవరన్నా వచ్చేదాకా స్తంభం దగ్గరే నిలబడేవాణ్ణి" అన్నాడు.

ట్యూషన్ అయ్యాక ఎక్కడ తిరిగొస్తున్నావని మేం వాడిని గుమ్మంలో నిలబెట్టి అడిగిన రాత్రులవి.