పది మందికి నాలుగు తలుపులు

బుధవారం, రాత్రి

పొద్దుటి నుంచీ ఒకే ప్లాన్ మీద కూర్చోవడమే అయింది. కూకట్‌పల్లిలో 200 గజాల స్థలం, 30 అడుగులకి 60. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకి షేరింగ్ ఇల్లు, గ్రౌండ్ మీద రెండు అంతస్తులు. చుట్టూ వదలాల్సింది వదిలేస్తే స్లాబుకి మిగిలేది 23 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు. మధ్యలో నాలుగడుగుల నడవ, అటూ ఇటూ గదులు. పై అంతస్తులు రెండింటిలోనూ ఐదేసి గదులు, గదికి ఇద్దరు. కింద వంటిల్లు, భోజనాల హాలు, ఇంకో రెండు గదులు. మొత్తం 24 మంది.

గది 8 అడుగుల 8 అంగుళాలకి 12 అడుగులు, అంటే 104 చదరపు అడుగులు. గదికి కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి అంటుంది. అది దాదాపు 102 చదరపు అడుగులు, కాబట్టి సరిపోయింది. బయటి గోడలు ఆరంగుళాల ఏఏసీ బ్లాకులు (తేలికపాటి కాంక్రీటు దిమ్మలు), లోపలివి నాలుగంగుళాలవి అనుకుంటేనే ఈ లెక్క. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టామా, గది నియమావళి కొలత కిందికి పోతుంది. మూడడుగుల మంచాలు రెండు పొడుగు గోడలకి చెరొకటి వేస్తే మధ్యలో 2 అడుగుల 8 అంగుళాల దారి. తలుపు వైపు మిగిలిన ఐదున్నర అడుగుల్లో తాళం వేసుకునే బీరువాలు రెండు, ఒక బల్ల. మూడో మంచం పట్టదు, పట్టించకూడదు.

ఇక పేచీ అంతా బాత్రూముల దగ్గరే. కట్టించే వాళ్లు మొదట అడిగేది ప్రతి గదికీ అటాచ్డ్. ఐదు గదులకి ఐదు అటాచ్డ్ అంటే కిందికి దిగే పైపు వరసలు ఐదు, ఛాంబర్లు ఐదు, అంతస్తుకి ఐదు చోట్ల వాటర్‌ప్రూఫింగ్, ఐదు చోట్ల చెమ్మ భయం. అద్దె పెరిగేది ఇక్కడే, ఇల్లు తొందరగా పాడయ్యేదీ ఇక్కడే. అది వద్దనుకున్న వాళ్లు అంతస్తుకి రెండు కామన్ బాత్రూములు కట్టి, కమోడు, షవరు, వాష్‌బేసిన్ మూడింటినీ ఒకే తలుపు వెనక పెట్టేస్తారు. పొద్దున ఆరున్నరకి ఆ తలుపు ముందు ఏమవుతుందో లెక్క వేసి చూడాలి. మనిషికి స్నానానికి పది నిమిషాలు, టాయిలెట్‌కి ఏడు, పళ్లు తోముకోవడానికి మూడు అనుకుందాం. ఒక్కో బాత్రూముకి ఐదుగురు, మనిషికి 20 నిమిషాలు. చివరి మనిషి బయటికొచ్చేసరికి 100 నిమిషాలు.

అవే రెండు కమోడ్లు, అవే రెండు షవర్లు విడదీసి నాలుగు తలుపులు పెట్టి, బేసిన్లు మూడు బయట నడవ వైపు పెడితే స్నానాలు 50 నిమిషాల్లో అయిపోతాయి. మిగతావి ఆ సమయంలోనే పక్కన జరిగిపోతాయి. ఆడవాళ్ల హాస్టల్లో ఆరుగురికి ఒక టాయిలెట్ చొప్పున ఉండాలన్న నియమానికీ ఇది సరిపోతుంది. అదనంగా అయ్యేది రెండు తలుపులు, నాలుగంగుళాల అడ్డుగోడలు, ఒక బేసిన్, అంతే. షేరింగ్ ఇంట్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గొడవ తగ్గించే పని ఇంకోటి లేదు.

ఈ నాలుగు తలుపుల గుత్తి 18 అడుగుల పొడవు. రెండు అంతస్తుల్లోనూ ఒకదాని మీద ఒకటి రావాలి. దాని కిందే వంటిల్లు, బట్టలుతికే చోటు. ఇక్కడ డక్ట్ గురించి, అంటే పైపులు దిగే నిలువు సందు గురించి, గట్టిగా పట్టుబట్టాలి. స్థలం కలిసొస్తుందని అడుగు వెడల్పు డక్ట్ వదులుతారు, అందులోకి ప్లంబర్ భుజం కూడా పట్టదు. పైపు జాయింటు వదిలితే గోడ పగలగొట్టడమే దారి. కనీసం రెండున్నర అడుగులు ఉండాలి, ప్రతి అంతస్తులోనూ నడవ వైపు నుంచి దానికి తలుపు ఉండాలి. కమోడు లైను 110 ఎంఎం, స్నానాల లైను 75 ఎంఎం, రెండూ వేరుగా దించి పైన స్లాబు దాటించి గాలి గొట్టంగా వదలాలి. గాలి గొట్టం లేకపోతే పై అంతస్తులో నీళ్లు ఒక్కసారిగా వదిలినప్పుడల్లా కింది నాహనీ ట్రాపులో (స్నానాల గది నేల జాలీ కింద నీళ్లు నిలిచే వంపులో) నీళ్లు గుటగుటమని లాగేసుకుపోతాయి. ఆ రెండంగుళాల నీళ్లే వాసనకి అడ్డు. అవి పోయాక ఎంత ఫినాయిల్ పోసినా లాభం లేదు. అడ్డంగా వెళ్లే 110 ఎంఎం పైపుకి పదడుగులకి మూడంగుళాల వాలు. మేస్త్రీ కంటి అంచనాకి వదిలేస్తే ఒకటే ఇస్తాడు, అక్కడ జుట్టూ సబ్బూ పేరుకుంటాయి.

సంకెన్ స్లాబు, అంటే పైపుల కోసం బాత్రూము కింద గుంతలా దించి పోసే స్లాబు, దాని సంగతి ఇంకా ముఖ్యం. గుంతలో ఇటుక ముక్కలు నింపి పైన టైల్స్ వేసేస్తారు. ఎక్కడో జాయింటు చెమ్మగిల్లితే ఆ నీళ్లకి బయటికి దారి ఉండదు, ఆ గుంతే సంపులా నిండుతుంది. ఏడాదికో రెండేళ్లకో కింది సీలింగు మూలన పసుపు మరక తేలుతుంది. అందుకే గుంత అడుగున, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఒక అంగుళంపావు పైపు పెట్టి డక్టులోకి తెరిచి వదిలెయ్యాలి. ఎప్పుడూ పొడిగా ఉండాల్సిన పైపు అది. దాంట్లోంచి చుక్క పడిందంటే పైన లీకైనట్టే, మరక రాకముందే తెలిసిపోతుంది. టైల్స్ వేసే ముందు 48 గంటలు నీళ్లు నిలగట్టి చూడాలి. ఒక్క రాత్రి చాలదు.

నీళ్లు మనిషికి 135 లీటర్ల లెక్కన రోజుకి 3,240 లీటర్లు. రెండు రోజులకి సరిపడా 6,500 లీటర్ల సంపు. ఫ్లష్‌లకి బోరు నీళ్ల లైను వేరుగా ఇస్తే మంచినీళ్లు మిగులుతాయి. ఇంత చిన్న ఇంటికి ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) పెట్టమని సలహాలిస్తుంటారు కానీ, దాన్ని రోజూ చూసుకునే మనిషి లేకపోతే ఆరు నెలల్లో మూలపడుతుంది. దానికంటే వాననీళ్లు పట్టడం మేలు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 1,100 చదరపు అడుగుల డాబా మీద ఐదో వంతు పోయినా 65,000 లీటర్లు వస్తాయి, అంటే ఈ ఇంటికి 20 రోజుల వాడకం. సీజన్ మొదటి వానని మాత్రం బయటికి వదిలెయ్యాలి.

కరెంటుకి పెద్ద ఆలోచనలేం అక్కర్లేదు. 75 వాట్ల ఫ్యాన్లు పద్నాలుగింటికి బదులు 28 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు) ఫ్యాన్లు పెడితే, రోజుకి 12 గంటల లెక్కన దాదాపు 8 యూనిట్లు మిగులుతాయి. డాబాకి తెల్ల పూత. బట్టలు ఆరేయడానికి మనిషికి పదడుగుల తాడు చొప్పున 240 అడుగులు, అందులో సగం రేకుల కింద. వానాకాలంలో గదిలో ఆరేస్తే గోడలకి బూజు పడుతుంది.

నిప్పంటుకుంటే బయటపడడానికి మెట్లు ఒక్కటే కాబట్టి ప్రతి గదిలోనూ ఒక కిటికీ గ్రిల్ లోపలినుంచి తెరుచుకోవాలి. గ్యాస్ సిలిండర్లు బయట, నేలకి ఆనుకుని జాలీ ఉన్న అరలో పెట్టాలి. గ్యాస్ గాలికంటే బరువు, పైన ఎంత పెద్ద వెంటిలేటర్ ఉన్నా కిందనే పేరుకుంటుంది.

రేపు ప్లంబింగ్ డ్రాయింగ్ పోవాలి. డక్ట్ తలుపు రెండడుగులకి ఆరడుగులు అని రాయడం అయింది, అంగుళంపావు పైపు రెండు అంతస్తుల్లోనూ ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టడం ఇంకా ఉంది.