పొర్లుకట్ట మీద పిల్లల సైకిళ్ళు

సెలవులకు నెల్లూరు వచ్చే ప్రవాస పిల్లల రోజులు ఎక్కువగా ఏసీ కార్లలో, చుట్టాల ఇళ్ళ హాళ్ళలో గడిచిపోతాయి. ఊరంటే కారు అద్దంలోంచి కనపడినంతే. పెన్నా డెల్టా అంతా చదును నేల. ఏటి పొర్లుకట్టలు (వరదను ఆపే గట్లు), కాలువ కట్టలు మైళ్ళకొద్దీ ఉన్నాయి, చాలాచోట్ల ఎర్ర గ్రావెల్ తోలి ఉంటుంది, కార్లు ఎక్కడో ఒకటి తప్ప రావు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఊరు పరిచయం చేయడానికి సైకిలుకు మించిన దారి లేదు. కాకపోతే వాళ్ళు పెరిగే దేశాల సైకిలు అలవాట్లు కొన్ని ఇక్కడ పనికిరావు, కొన్ని ఏకంగా ప్రమాదం. ముందు వాటి సంగతి చూడాలి.

మొదటిది బ్రేకు. అమెరికాలో అమ్మే సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు వెనక చక్రానిది. మన దగ్గర అమ్మేవాటికి మామూలుగా కుడిచేతిది ముందు చక్రానిది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి గట్టిగా నొక్కితే గ్రావెల్ మీద ముందు చక్రం జారి పిల్ల నేరుగా ముఖం మీద పడుతుంది. నెదర్లాండ్స్‌లో పెరిగే పిల్లలది ఇంకో చిక్కు: అక్కడి పిల్లల సైకిళ్ళు చాలావరకు పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతాయి. ఇక్కడి సైకిలుకు వెనక్కి తొక్కితే పెడల్ ఊరికే తిరుగుతుంది, కాలువ మాత్రం దగ్గరవుతుంది. సైకిలు చేతికి రాగానే ముందు చక్రం పైకెత్తి తిప్పి, ఏ చెయ్యి నొక్కితే ఆగుతోందో పిల్లల చేతే చూపించమనండి. తర్వాత ఊరి బడి ఆవరణలో అరగంట, రెండు చేతులతో మెల్లగా నొక్కి ఆపడం ఒక్కటే సాధన. నేలమీద గీత గీసి, దాని మీద ఆగమంటే పిల్లలకు అదే ఆట.

రెండోది, ఎదుటివాడు ఆగుతాడన్న నమ్మకం. యూరప్‌లో చాలాచోట్ల కారు ఆగి సైకిలుకు దారి ఇస్తుంది. కట్ట మీద ట్రాక్టరు ఆగదు. పాటల మోతలో బెల్లు వినపడదు, చెయ్యి చాపి సైగ చేస్తే ఎవరికీ అర్థం కాదు. ట్రాక్టరు కనపడగానే దిగి, సైకిలును పొలం వైపుకు లాగి నిలబడాలి. ఎడమా కుడీ అన్న లెక్క ఇక్కడ లేదు, కాలువ వైపుకు మాత్రం ఎప్పుడూ పోకూడదు.

కాలువ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఈత క్లాసులకు వెళ్ళిన పిల్లలకు నీళ్ళంటే భయం ఉండదు. కట్టలకు రెయిలింగు ఉండదు. సిమెంటు లైనింగు చేసిన కాలువ వాలు, నీటి మట్టం దగ్గర పాచి పట్టి ఉంటుంది. పడినవాడికి పట్టు దొరకదు, పెద్దవాళ్ళు కూడా ఎక్కి రాలేరు. తూము దగ్గర నీళ్ళు పైకి నిదానంగా కనపడినా అడుగున లాగుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలువలు నిండుగా పారతాయి, మన పిల్లలకు సెలవులూ అప్పుడే. రేవు మెట్లున్న చోట తప్ప నీళ్ళ దగ్గరికి దిగకూడదని గట్టిగా చెప్పాలి. తూముల దగ్గర కట్ట ఇరుకవుతుంది, అక్కడ నడిపించుకుంటూ పోవడమే.

ఎక్కడ తొక్కాలి? మొదటిసారికి బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల కాలువ కట్టలు మేలు. సంగం దగ్గర పెన్నా నీళ్ళు కనిగిరి రిజర్వాయరుకు మళ్ళుతాయి, అక్కడి నుంచి కాలువలు కోవూరు, విడవలూరు వైపు చీలిపోతాయి. (ఫోనులో కనిగిరి అని కొడితే ప్రకాశం వైపు కనిగిరి పట్టణానికి దారి చూపిస్తుంది. బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్న రిజర్వాయరు అని చూసుకోండి.) ఏటి ఒడ్డు కావాలంటే జొన్నవాడ కామాక్షమ్మ గుడి దగ్గర బండి ఆపుకుని ఉత్తరపు ఒడ్డు పట్టుకోవచ్చు. 2021 నవంబరు వరదకు పెన్నా గట్లు చాలాచోట్ల దెబ్బతిన్నాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. కాబట్టి పాత జ్ఞాపకాల మీద దారి నమ్మొద్దు. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ నెల్లూరు లోపల చెత్తతో నిండి ఉంటాయి, ఊరు దాటేదాకా వాటి జోలికి పోకండి.

ఉపగ్రహ చిత్రంలో కట్ట గీతలా స్పష్టంగా కనపడుతుంది, కానీ మధ్యలో మురుగు కాలువ మీద చప్టా ఉందో కొట్టుకుపోయిందో కనపడదు. అందుకే పిల్లలతో చుట్టు తిరిగే దారి పెట్టుకోవద్దు. పోయిన దారినే తిరిగి రావాలి. పోను ఆరు, రాను ఆరు, మొత్తం పన్నెండు కిలోమీటర్లు చాలు. గ్రావెల్ మీద ఈ వయసు పిల్లలు గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు మించి పోరు. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి పొద్దున్నే ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు సముద్రం వైపు తొక్కి, అలిసిపోయాక గాలి వీపున పెట్టుకుని రావాలి.

సైకిలు అక్కడి నుంచి మోసుకు రావాల్సిన పని లేదు. హెల్మెట్ మాత్రం పిల్లల తలకు సరిపోయినదే తెచ్చుకోండి. ఇక్కడ 20 అంగుళాల చక్రాల మామూలు సైకిలు కొనండి, గేర్లు వద్దు. ఎత్తు అంటూ ఉంటే పొర్లుకట్ట మీదికెక్కే వాలు ఒక్కటే, అది నడిపించవచ్చు. చవక గేర్లలో దుమ్ము చేరి రెండో రోజుకే గొలుసు దూకుతుంది. టైరు వెడల్పు 1.95 అంగుళాలు ఉండాలి. పాతిక కిలోల పిల్లకు గాలి 20 నుంచి 25 పీఎస్‌ఐ చాలు. పంచరు కొట్టువాళ్ళు మోటారుసైకిలు లెక్కన గట్టిగా కొడతారు. గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరి పక్కకు జారుతుంది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి, అదే లెక్క. అక్కడి నుంచి సన్న వాల్వు సైకిలు తెచ్చుంటే అడాప్టరు రెండు తెచ్చుకోండి, ఊరి కొట్లో దానికి పంపు పట్టదు.

అసలు శత్రువులు రెండు: పల్లేరుకాయ, సర్కారు తుమ్మ ముల్లు. పల్లేరు గట్టు అంచున నేలబారున అల్లుకుంటుంది, ఎండిన కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. నడిమి గాడిలో తొక్కితే చాలావరకు తప్పుతుంది. తుమ్మ ముల్లుకు ఆ మాట లేదు. కంప కొట్టి తీసుకెళ్ళిన దారిలో పుల్లతో సహా పడి ఉంటుంది, మందమైన టైరునూ దిగుతుంది. 20 అంగుళాల ట్యూబులో 80 నుంచి 100 మిల్లీలీటర్ల సీలెంటు (రంధ్రాన్ని లోపలి నుంచి పూడ్చే ద్రవం) పోయిస్తే పల్లేరు పంక్చర్లు తెలియకుండానే మూసుకుంటాయి. ముల్లు పీకగానే చక్రం తిప్పి, రంధ్రం కిందికి వచ్చేలా నిమిషం ఆపాలి. తుమ్మ ముల్లయితే ట్యూబు విప్పక తప్పదు. అప్పుడు అందరూ చేసే పొరపాటు, ట్యూబుకు ప్యాచీ వేసి టైరు లోపల చూడకపోవడం. విరిగిన ముల్లు మొన రబ్బరులోనే ఉండి వంద గజాలకు మళ్ళీ గుచ్చుతుంది. టైరు లోపల గుడ్డతో ఒక చుట్టు తుడవండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే ముల్లు అక్కడుంది. వేలితో వెతకొద్దు.

వాన పడిన మర్నాడు నల్లరేగడి కట్టల మీదకు అసలు పోకండి. మట్టి మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రం తిరగదు, పిల్లలు సైకిలును మోయలేరు. దమ్ము చేసే (నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నే) రోజుల్లో ఇనప చక్రాల ట్రాక్టర్లు పొలంలోకి దిగేచోట దారికి అడ్డంగా గాళ్ళు పడి ఉంటాయి, వాటిని కూర్చుని కాక పెడల్ మీద నిలబడి దాటాలి.

ఇంత చెప్పింది సైకిలు కోసమే కాదు. కట్ట మీద మాట్లాడక తప్పదు, ఆ మాటలు పిల్లల చేతే మాట్లాడించాలి. పంచరు కొట్టులో "అన్నా, గాలి పాతికే కొట్టు" అని చెప్పేది, "తాతా, ఈ కట్ట యాడికి పోద్ది?" అని అడిగేది పిల్లలే కావాలి. తప్పుగా మాట్లాడితే మధ్యలో దూరి దిద్దకండి, ఎదుటివాళ్ళకు ఎలాగూ అర్థమవుతుంది. తిరుగు ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఎవురి పిల్లోళ్ళు మీరు?" తాత పేరు, ఊరి పేరు చెప్పడం నేర్పి పంపండి. అమెరికా అని మొదలుపెడితే మాట డాలర్ల మీదికి పోతుంది, తాత పేరుతో మొదలుపెడితే ఎదుటివాళ్ళు నిలబడి ఊళ్ళన్నీ చెబుతారు. "మీరేమిట్లు?" అని కులం కూడా అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకొస్తుందో, ఇష్టం లేకపోతే ఎలా తప్పుకోవాలో ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. దారిలో హఠాత్తుగా తగిలితే పిల్లలు మన ముఖం చూస్తారు.

మార్చి, ఏప్రిల్ కోతల్లో వస్తే దారి మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్ళు పేర్చి, పక్కన మడిచిన పట్టా ఉంటుంది. కార్లు తొక్కుకుపోతున్నా సరే, మన పిల్లలు దిగి అంచున నడవాలి. గింజ మీద చక్రం ఎక్కించడం ఆ రైతు అన్నం తొక్కడమే, పైగా వడ్ల మీద టైరు జారుతుంది కూడా.

రొయ్యల గుంటల వైపు, అంటే అల్లూరు, ఇందుకూరుపేట దిక్కు, గట్ల మీద ఏరియేటర్లకు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలకు) కరెంటు తీగలు పరిచి ఉంటాయి. వాటిని తొక్కకండి, తడిలో అసలే వద్దు. కాపలావాళ్ళను అడక్కుండా గట్టెక్కకండి. కుక్కలను ముద్దు చేసే అలవాటు అక్కడే మానిపించి తీసుకురండి. కుక్క వెంటపడితే పారిపోకుండా దిగి, సైకిలును అడ్డం పెట్టుకోవాలి. కరిస్తే సబ్బు నీళ్ళతో పావుగంట కడిగి, అదే రోజు టీకా. గడ్డిలోకి బూట్లు లేకుండా ఉత్త చెప్పులతో దిగకూడదు, రక్తపింజరి ఎండుటాకుల రంగులోనే ఉంటుంది. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం లేకుండా 108కి ఫోను, కాలు కదపకుండా ప్రభుత్వాసుపత్రికి. ఇక దారిలో తాగడానికి పిల్లకు గంటకు అరలీటరు లెక్కన నీళ్ళు పెట్టుకోండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఒకటి దగ్గరుంచుకోండి, దాన్ని ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి.

అడవిలాంటిది కావాలంటే మైపాడు వైపు సరుగుడు తోటలున్నాయి, ప్రకాశంలో కొత్తపట్నం తీరం వెంబడీ ఉన్నాయి. ఆకు రాలి మెత్తగా పరిచినచోట ఇసుక కూడా గట్టిగా ఉంటుంది, తొక్కడం హాయి. బండ్లు తిరిగిన గాడిలో ఇసుక వదులై ముందు చక్రం దిగబడుతుంది. అక్కడ గాలి 15కి తగ్గించి, హ్యాండిలు వదులుగా పట్టుకుని, ఆపకుండా తొక్కాలి. కొట్టిన తోటలో మోడులు ఆకుల కింద దాగి ఉంటాయి, కనుక పచ్చటి తోటలోనే తొక్కండి. నాలుగైదేళ్ళకు కోత వస్తుంది కాబట్టి, నిరుడు గుర్తు పెట్టుకున్న తోట ఈసారి ఉండకపోవచ్చు. మలుపులకు చెట్లను కాదు, బకింగ్‌హామ్ కాలువ మీది వంతెనలను గుర్తు పెట్టుకోండి.

తిరిగి వెళ్ళేటప్పుడు సైకిలు మిద్దె మీద ఎండలో వదలొద్దు. గాలి సగం తీసి, గొలుసు తుడిచి రెండు చుక్కలు నూనె వేసి, నీడలో వేలాడదీయించండి. మన ఎండలకు సీలెంటు మూడు నాలుగు నెలల్లో గట్టిపడుతుంది, వచ్చే ఏడు కొత్త ట్యూబులే వేయించాలి. అప్పటికి పిల్లకు 24 అంగుళాల చక్రం కావాలి. ఈ చిన్న సైకిలును పోయేముందే బంధువుల పిల్లలకు ఇచ్చేస్తే తుప్పు బాధే ఉండదు.