కూర్చుని లేచే విద్య

నల్లగొండలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా పనిచేస్తున్నానని తెలిసినప్పటి నుంచి మన స్కూల్ బ్యాచ్‌వాళ్లు ఫోన్‌లో అడిగేది ఒకటే: "ఖోఖో ఆడేదానివి, డంబెల్స్ ఎప్పుడు పట్టినవే?" డంబెల్స్ తర్వాతెప్పుడో వచ్చాయి. ఇప్పుడు నేను నేర్పేదానిలో సగం మన పీటీ సార్ చెప్పిందే.

ఖోఖోలో ఎనిమిది మంది, ఒకరు ఇటు ఒకరు అటు తిరిగి, వరుసగా కూర్చుంటారు కదా. చూసేవాళ్ల కళ్లన్నీ పరిగెత్తేవాళ్ల మీదే ఉంటాయి. సార్ మాత్రం కూర్చున్నవాళ్ల పాదాలు చూసేవారు. ముందు పాదం పూర్తిగా నేలకు ఆనాలి. వెనక మడమ లేచి ఉండాలి. ఖో పడగానే తొడల బలంతో లేవాలి. "చేతుల మీద లేస్తే ఆలస్యమైతది బిడ్డా, తొడల మీద లే" అంటూ పక్కనే గొంతుక్కూర్చుని మరీ చూసేవారు.

ఆ తర్వాత జిల్లా జట్టు, యూనివర్సిటీ జట్టు, వ్యాయామ విద్యలో బీపీఈడీ డిగ్రీ, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు. సార్ అనుభవంతో చెప్పినదానికి కారణం పటియాలాలో తెలిసింది. తొడ కండరాలు, పిరుదు కండరాలు కలిసి పనిచేస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది. 35 దాటినవాళ్లకు పెట్టే మాస్టర్స్ పోటీల్లో ఇప్పటికీ పరిగెత్తుతున్నాను.

పొద్దున బ్యాచ్‌లో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్లే. "కూసుంటే లేస్తలేను బిడ్డా" అంటూ వస్తారు. మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లయితే ఏ నీళ్లు తాగి పెరిగారో ముందు అడుగుతాను. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. ఆ ఒంటిని బలవంతంగా వంచకూడదు. ముందు డాక్టరుకు చూపించుకుని రమ్మంటాను. తర్వాత ఒక కుర్చీ, దాని మీద మడతపెట్టిన దుప్పటి. కూర్చోవడం, లేవడం, అంతే. నొప్పి లేకుండా లేవడం వచ్చాక దుప్పటి తీసేస్తాను. నా దృష్టిలో బరువులెత్తడం కన్నా ఇదే పెద్ద పని.

మొన్న బతుకమ్మకు ఒక పెద్దమ్మ కింద కూర్చుని బతుకమ్మను పేర్చి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచిందట. మర్నాడు క్లాసులో అందరికీ లేచి చూపించింది. మళ్లీ చూపించమంటే మళ్లీ చూపించింది.

2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. మన అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించారు. మన స్కూల్ గ్రౌండ్‌లో మాత్రం ఖోఖో స్తంభాలు కూడా లేవు. మన ఈ పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఖర్చులో కొంత మిగిల్చి రెండు స్తంభాలు పాతిద్దాం. శనివారం సాయంత్రాలు నేను వచ్చి పిల్లలకు నేర్పుతాను. మీలో అప్పట్లో ఆడినవాళ్లు ఎవరు తోడొచ్చినా సంతోషమే.