వేలి మీద పులిపిరికి తట్టు టీకా

కుడి చూపుడువేలి గోరు పక్కన శనగబద్దంత పులిపిరి. హుక్కులు కుట్టేటప్పుడు దారం దానికే చిక్కుకునేది. పట్టు జాకెట్టు అయితే ఇక చెప్పక్కర్లేదు, పోగు లేచిపోయేది. ఒక పెళ్ళికూతురి జాకెట్టు అలాగే పాడైతే నా డబ్బులతో గుడ్డ కొనిచ్చాను.

మూడేళ్ళలో ఒకటి కాస్తా ఏడయ్యాయి. ఎడమ మోచేతి మీద కూడా ఒకటి తేలింది. అత్తమ్మ తలవెంట్రుక బిగించి కట్టింది, సున్నం పెట్టింది. సున్నానికి వేలు పుండయింది గానీ పులిపిరి కదల్లేదు. రెండు నెలలు శాలిసిలిక్ యాసిడ్ చుక్కలు వేశాను. ఒక క్లినిక్‌లో కరెంటుతో కాల్పించుకున్నాను. నెల తిరక్కుండానే ఆ మచ్చ చుట్టూ ఆవగింజల్లా మళ్ళీ లేచాయి.

ఖమ్మంలోనే ఇంకో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, "ఎంఎంఆర్ వేద్దాం" అన్నారు. "పిల్లలకు వేసే తట్టు, గవదబిళ్ళల టీకానా?" అని నోరెళ్ళబెట్టాను. అదేనట. పులిపిరి వైరస్ చర్మం పై పొరల్లోనే కూర్చుంటుంది, రక్తంలోకి రాదు, కాబట్టి ఒంటికి దాని ఆచూకీ సరిగ్గా అందదు. టీకా పులిపిరిలోకే ఎక్కిస్తే, ఒంట్లోని రక్షణ కణాలు దాని మీదికి వచ్చి ఈ వైరస్‌నూ గుర్తుపడతాయి. పక్కింటి గొడవకని వచ్చిన పోలీసులకు మనింట్లో నక్కిన దొంగ దొరికినట్టు అన్నమాట. ఇది పులిపిర్లకని తయారైన టీకా కాదు, అందరికీ పనిచేయదు అని కూడా ముందే చెప్పారు. కడుపుతో ఉన్నారా, స్టెరాయిడ్లలాంటివి వాడుతున్నారా అని రెండుసార్లు అడిగారు. ఇది బతికున్న వైరస్‌ను నీరసపరిచి చేసిన టీకా, అలాంటివాళ్ళకు వేయరు.

చిన్న సీసా అడుగున తెల్లటి పొడి. అందులో నీళ్ళు కలిపి, ఇన్సులిన్ సిరంజిలోకి లాగి, అన్నిటికన్నా పెద్దదానిలోకి 0.3 ఎంఎల్ ఎక్కించారు. దాన్ని తల్లి పులిపిరి అంటారట. రోజంతా సూదులతో బతికేదాన్నే, అయినా గోరు పక్కన సూది దిగుతుంటే కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. పులిపిరి తెల్లగా పాలిపోయి ఉబ్బింది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది, పారాసిటమాల్‌తో తగ్గింది. రెండు రోజులు కత్తెర పట్టలేకపోయాను.

మూడు వారాలకొకటి. రెండోది అయ్యాక కూడా ఏ మార్పూ లేదు. విడతకు మూడు జాకెట్ల కుట్టుకూలి పోతోందని మానేద్దామనుకున్నాను.

మూడోదాని తర్వాత ఒకరోజు స్నానం చేసి తుడుచుకుంటుంటే మోచేయి నున్నగా తగిలింది. సూది పడని చోటు అది! తర్వాత వేలి మీదిది నల్లబడి, గోడసున్నంలా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. నాలుగోదాంతో మిగతావీ పోయాయి. ఆలస్యంగానైనా తన సున్నమే పనిచేసిందని అత్తమ్మ వాదన.

మా తోడికోడలికి అరికాల్లో ఉన్నాయి. ఆనెకాయలనుకుని ఇన్నాళ్ళూ బ్లేడుతో చెక్కుకునేది. చెక్కినచోట నల్లటి చుక్కలు కనిపించేవి. అవి రక్తం గడ్డకట్టిన సన్న నాళాలనీ, అవి పులిపిర్లేననీ డాక్టరమ్మ చూపించారు. నాలుగు ఇంజెక్షన్లు పడ్డా సగమే తగ్గాయి. అరికాల్లో సూది అంటే నా వేలికంటే నరకం. సోమవారం ఐదోది, తోడు రమ్మంది. మిషన్ మీద రెండు జాకెట్లున్నాయి, అవి ఆదివారమే ముగించాలి.