59 పూసల లెక్క

పాత విద్యార్థుల కలయిక సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్లు మూడుసార్లు అడిగారు. మూడోసారి ‘అరవై ఆరు’ అని మనం పిలిచే మిత్రుడి చేత అడిగించారు. వాడు అడిగాక కాదనేదెలా? జామచెట్టు, ప్రహరీ గోడ, హాస్టల్ సాంబారు గురించి మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నా వంతు నాలుగో పీరియడ్. మన కతోలిక పిల్లలకు సత్యోపదేశం (మతబోధ), పక్క గదిలో మిగతావాళ్లకు నీతిబోధ. సిస్టరు గారు, ఆవిడ నల్ల గొడుగు, “లెక్క చూసుకున్నావా?”

తొమ్మిదో తరగతి అక్టోబరు అంటే ఎవరికైనా జపమాల చార్టే గుర్తొస్తుంది. 2002 అక్టోబరు 16న రెండో జాన్ పాల్ జగద్గురువులు (పోపు) జపమాల చెబుతూ ధ్యానించే దేవరహస్యాలకు, అంటే క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాలకు, ‘వెలుగు’ అనే కొత్త వరస చేర్చారు. ఏ రోజు ఏ వరసో చెప్పే మన గోడ చార్టులో అప్పటికి మూడు రంగులే. సోమ, గురువారాలు సంతోషం. మంగళ, శుక్రవారాలు దుఃఖం. బుధ, శని, ఆదివారాలు మహిమ. కొత్త లెక్కలో గురువారం వెలుగుకు పోయింది. దానికి బదులు సంతోషానికి శనివారం దక్కింది. మహిమకు బుధ, ఆదివారాలు మిగిలాయి. దుఃఖం మాత్రం కదల్లేదు.

అడుగున ఓ కాగితం అతికిస్తే పోతుందనుకున్నాం. సిస్టరు గారు ఒప్పుకుంటేగా! అడుగున అతికిస్తే మహిమ చివర మరియమ్మకు కిరీటం పెట్టాక యొర్దానులో జ్ఞానస్నానం వస్తుంది. వెలుగు చోటు సంతోషానికి, దుఃఖానికి నడుమ. పాత చార్టు చదివితే పన్నెండేళ్ల బాలుడు దేవాలయంలో దొరికిన వెంటనే గెత్సెమనే తోటలో చెమటోడుస్తున్నాడు. నడుమ ఆయన బోధించిన ఏళ్లు గల్లంతు. ఆ ఖాళీలోకే ఐదూ వచ్చాయి: జ్ఞానస్నానం, కానా పెళ్లి, దైవరాజ్య ప్రకటన, దివ్యరూపధారణ, దివ్యసత్ప్రసాద స్థాపన. చార్టు మొత్తం చింపి మళ్లీ రాశాం. పసుపు స్కెచ్ పెన్ను దూరానికి కనబడదని రెండోసారి, ‘దివ్యరూపధారణ’లో అక్షరం ఎగిరిపోయిందని మూడోసారి. ఆ అక్షరం ఎవరు మింగారో ఇప్పుడు రాయను, వాడు ఇప్పుడు తెలుగు పంతులు.

చార్టు అయ్యాక పూసలు. ఫిబ్రవరి 11కి గుణదల మరియమ్మ ఉత్సవానికి వెళ్లేవాళ్లకు ఇవ్వాలని క్లాసంతా జపమాలలు గుచ్చాం. ఒక్కోదానికి మీటరున్నర నైలాన్ దారం, 53 చిన్న పూసలు, 6 పెద్దవి, మరియమ్మ బిళ్ల, స్లీవ (సిలువ). కోసిన చోట దారం విచ్చుకుంటే పూసలో దూరదు. కొవ్వొత్తి సెగకు చూపించి, కాస్త ఆరనిచ్చి వేళ్ల మధ్య నలిపితే సూదిమొన అవుతుంది. ఆరనివ్వకుండా నలిపినవాళ్ల బొటనవేళ్లు ఆ వారమంతా ఊదుకోవడమే. బిళ్ల దగ్గర మొదలుపెట్టి పది చిన్నవి, ఒక పెద్దది, అలా ఐదు పదులూ చుట్టి మళ్లీ బిళ్లకు రావాలి. ఐదో పది తర్వాత పెద్దపూస ఉండదు, అందరూ బోల్తాపడేది అక్కడే. కింద వేలాడేదానికి ఒక పెద్దది, మూడు చిన్నవి, ఒక పెద్దది, స్లీవ.

పూసలు బిర్రుగా గుచ్చితే చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ చెయ్యడానికి పనికిరాదు. జపం చేసే వేలు ఒక పూసను వదిలి రెండోదాన్ని పట్టుకోవాలంటే పదికి ఒక పూసంత సందు ఉండాలి. సందు లేకపోతే లాగుడంతా బిళ్ల దగ్గరి ముడి మీద పడి అక్కడే తెగుతుంది. నైలాన్ ముడి ఒకటి వేస్తే జారిపోతుంది, రెండు వెయ్యాలి, కొసను కరిగించాలి. మరీ ముడికి ఆనించి కాలిస్తే దారమే చచ్చుబడుతుంది. ఇక పదికి పదకొండు పూసలు గుచ్చిన మాల గురించి చెప్పేదేముంది! జపం చెప్పించేవాడు వేలినే నమ్ముతాడు. జనమేమో పది కాగానే, పది చివర చెప్పే త్రిత్వస్తోత్రానికి వెళ్లిపోతారు, వాడింకా చిన్న పూసకొకటి చెప్పే మంగళవార్త జపంలోనే ఉంటాడు. సిస్టరు గారు ప్రతి మాలా కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవారు. తప్పు దొరికితే తిట్టు లేదు, కత్తెర ఉంది.

‘అరవై ఆరు’ సంగతి రాయకపోతే వాడే అలుగుతాడు. ఒంగోలు బాప్టిస్టు (ప్రొటెస్టంటు) ఇంటి బిడ్డ. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం మతబోధకు మైనరును కూర్చోబెట్టాలంటే పెద్దల సమ్మతి కావాలి కాబట్టి, వాళ్ల నాన్నగారి సంతకం కాగితం ఏటా జూన్‌లో ఫైలులోకి ఎక్కేది. బైబిలు వచనం వెదికే పోటీలో వాడిదే చురుకు. తోబీతు గ్రంథం అన్నప్పుడు మాత్రం వాడి బైబిలు చేతులెత్తేసింది. మన దాంట్లో 73 గ్రంథాలు, వాడి దాంట్లో 66. దానియేలు కూడా వాడికి పన్నెండో అధ్యాయంతో సరి, మనకు పద్నాలుగు. ఆ పదమూడోదే సూసన్న కథ: ఇద్దరు పెద్దలు ఆమె మీద అబద్ధపు నింద వేస్తే, దానియేలు వాళ్లను విడదీసి అడిగి బయటపెట్టాడు. సిస్టరు గారు ఇద్దరు ‘పెద్దల్ని’ నిలబెట్టి, ఒకణ్ణి వరండాలోకి పంపి, ఏ చెట్టు కింద చూశావని రెండోవాణ్ణి అడిగించారు. ఇద్దరూ రెండు చెట్లు చెప్పారు. దానియేలు వేషం వేసిందీ ‘అరవై ఆరే’, వాడి పుస్తకంలో లేని కథలో. ఇవాళ గుంటూరు కోర్టులో సాక్షుల్ని విడదీసి అడుగుతున్నదీ వాడే.

ఆజ్ఞల పరీక్షలో వాడికి సున్నా పడబోయింది. ఆరో ఆజ్ఞ ఏదంటే ‘నరహత్య చేయరాదు’ అని రాశాడు. మనకది ఐదోది. విగ్రహాల మాట వాళ్లు విడిగా రెండో ఆజ్ఞగా లెక్కిస్తారు, మనం మొదటి దాంట్లోనే కలుపుతాం, చివరి ఆశను రెండుగా విడదీస్తాం. లూథరన్ పిల్లలదీ మన లెక్కే. సిస్టరు గారు వాడికి పూర్తి మార్కులిచ్చి, ఆ రెండు వరసలూ బోర్డు మీద పక్కపక్కన రాయించారు. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ముందు ఆత్మపరిశోధన ఆ వరసమీదే సాగుతుంది కనుక అంకె తప్పితే మనిషి వేరే పాపం ఒప్పుకుంటాడని నవ్వారు.

పదో తరగతిలో ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు మింగేశారు. అంతకుమించి పదో తరగతి నాకు గుర్తులేదు.

ఇప్పుడు మా విచారణలో (పారిష్‌లో) భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధమయ్యే పిల్లలకు ఆదివారం పూజ తర్వాత చెబుతున్నాను. ఫోనులో వెదికితే వచనం క్షణంలో దొరుకుతుంది, కానీ బారూకు గ్రంథం యిర్మీయా పక్కన ఉంటుందో చివరన ఉంటుందో తెలియదు. అందుకని కాగితం బైబిలే తెమ్మంటాను. దారం, పూసలు, కత్తెర నా సంచిలో ఉంటాయి.

కలిసేది శనివారమని కమిటీ కబురు. జపం సంతోష దేవరహస్యాలతో మొదలవ్వాలి. పాత అలవాటున మహిమ ఎత్తుకున్నవాళ్లు వెనక బెంచీకి, నల్ల గొడుగు పక్కకి.