రైలు కూత ఆగేదాకా

మూడో చరణం చివర్లో ఉంది అవ్వ. సరిగ్గా అప్పుడే రైలు కూత.

తిరుపతి స్టేషన్ వెనక వీధి మాది. మిట్టమధ్యాహ్నం తలుపులేసి, ఫ్యాను ఆపి, అవ్వ పాడే నాట్ల పాట రికార్డు చేద్దామని కూర్చున్నాం. కార్డియాయిడ్ మైకు వెనకవైపు శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది కాబట్టి దాని వీపు కిటికీ వైపు తిప్పాను. అవ్వ నోటికి జానెడు దూరం. వెనకాల దండెం మీద రెండు బొంతలు. గోడకు కొట్టుకుని తిరిగొచ్చే గొంతు బొంతల్లో ఇంకిపోతుంది గానీ, రైలు గడగడకి అవి చాలవు. 80 హెర్ట్జ్ కింద ఉన్న బొంగురు శబ్దమంతా తర్వాత కంప్యూటర్లో కోసేస్తే ఆ అదురు చాలావరకు పోతుంది. కూత అలా కాదు. గొంతు ఉండే స్థాయిలోనే ఉంటుంది. దాన్ని తీస్తే అవ్వ గొంతూ పోతుంది.

"ఆగవ్వా, మళ్లీ పాడుదువు" అన్నాను.

"మధ్యలో ఆపకూడదు నాయనా, నాటే చెయ్యి ఆగిపోతుంది."

అప్పుడు చూశాను. బొటనవేలు, రెండు వేళ్లు దగ్గరికి నొక్కి, నారు పట్టుకున్నట్టు ఆమె కుడిచెయ్యి ఒళ్లో వంగి లేస్తోంది. రైలు పోయేదాకా ఆ చెయ్యి ఆగలేదు. కూత సద్దుమణిగాక సరిగ్గా తాళం మీదే అందుకుంది.

తర్వాత ఇంకో రెండుసార్లు పాడింది. చప్పుడు లేని టేకు ఒకటి దొరికింది, శుభ్రంగా ఉంది.

కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇప్పటికీ మొదటిదే వింటున్నా. ఆ కూత తగ్గుతుండగా, అవ్వ గాజుల చప్పుడు సన్నగా వినిపిస్తోంది.